కోరంగి రేవున మునిగిన నావలు



గోదావరిపై యావజ్జీవము పడవ నడిపి, ఏ గ్రంథమునందును తన పేరు వ్రాయించుకొనక కాలధర్మము నొందిన ఒక సరంగు స్మృత్యర్థము జరుగు ఈ ఉపన్యాసమునకు, పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున మన తీరమునందు సంభవించిన నౌకానష్టములను విషయముగా గైకొంటిని. సముద్రఘోష వినరాని ఈ భద్రగిరి ప్రాంతమున, ఇప్పచెట్లకును టేకుమ్రాకులకును నడుమ గూర్చుండి ఓడల సంగతి చర్చించుట అస్థానపతితమని తలంచువారు ఉండవచ్చును. కాని ఆ ఓడలలో పెక్కింటి కొయ్య మన అడవులలో పుట్టినది. వాటిని మోసిన నీరు మన రామాలయసోపానముల నొరసికొని పోయినది. కనుక కోరంగి రేవున మునిగినదానిలో భద్రాచలమునకును భాగము కలదని నా నమ్మకము. ఆ భాగమును మనము ఇంతవరకు అడుగనైనను లేదు.

తాలిపేరు చెర్ల దాపున గోదావరిలో కలియును. మరికొంత దిగువను, కూనవరమువద్ద, శబరి వచ్చి చేరును. ఈ రెండు నదుల నడుమను, రేకపల్లి అడవులయందును పెరిగిన టేకును కోయలు గొడ్డళ్లతో పడవైచి, దుంగలను ఏటి యొడ్డునకు ఈడ్చి, వరదకాలమునకై వేచియుండెడివారు. పచ్చి టేకు నీటిలో తేలదు. ఎండిన దుంగయు బరువైనదే. అందుచేత దుంగల కిరుప్రక్కలను వెదురుకట్టలు చేర్చి తీగలతో బిగించి తెప్పలుగా కట్టుట ఆచారము. ఆ తెప్పమీద గడ పట్టి నిలిచిన మనుష్యుడు, పాపికొండల యిరుకున నది ఒక్కసారిగా ముడుచుకొని సుడులు తిరుగు తావులను తప్పించుకొని పోలవరము చేరెనేని, దాటవలసిన గండములలో పెద్దది దాటినట్లే. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. అంతకుముందు నదికి అడ్డు లేదు కావున, రాజమహేంద్రవరము దాటిన తెప్ప గౌతమీశాఖను బట్టి నేరుగా సముద్రతీరమునకు పోగలిగెడిది. ఈ యడవి 1860 వరకు నైజాము ప్రభువుల యేలుబడిలో నుండెను, కోరంగి రేవు కుంఫిణీవారి వశమున నుండెను; ఒకే దుంగ ఇద్దరు ప్రభువుల సుంకపు చావళ్లు దాటి ఓడ యయ్యెను.

గౌతమి చీలి సముద్రమును చేరుచోట, నేటి కాకినాడకు దక్షిణమున, మడ అడవులను ఆనుకొని కోరంగి కలదు. నేడది చిన్న గ్రామము. నాడు కలకత్తాకును సింహళమందలి త్రికోణమలకును నడుమ పెద్ద ఓడను గట్టెక్కించి అడుగు బాగుచేయదగిన తావు అది యొక్కటియే యని తూర్పుతీరపు నావికులు చెప్పుకొనెడివారు. ఎబినీజరు రోబక్కు అను ఆంగ్లేయవర్తకుడు 1802లో అపారధనము వెచ్చించి అచ్చట ఓడల మరమ్మతునకు డాకును త్రవ్వించెను. ఇంజరము, నీలపల్లి, యానాములలోని కొఠార్లనుండి బట్టలును, లోనాటినుండి ధాన్యమును ఎక్కించుకొని కోరంగి ధోనీలు పెగూకును, చెన్నపట్టణమునకును, సింహళమునకును పోయెడివి. రంగూనులో తెలుగువారికి ఈ రేవు పేరనే కొరంగీలను వ్యవహారము నిలిచిపోయినదనిన, ఈ నీటిదారి వెంబడి ఎంత జనము వెడలిపోయినదో ఊహింపవచ్చును. పెగూనుండి వచ్చిన టేకును కూడ ఇచ్చటి వడ్రంగులు వాడిరి; ఓడలన్నియు మన కొయ్యతోనే కట్టబడినవని నేను పంతము పట్టను. అయినను టేకునకు ఒక గుణము కలదు: ఐరోపావారి ఓకు కొయ్యలోని రసము ఇనుపచీలను తినివేయును, టేకులోని తైలము దానిని కాపాడును. ఆ గుణమును గుర్తించిన పిదప పరదేశ నౌకాపతులు ఈ తీరపు వడ్రంగులను వెదకికొని వచ్చిరి. అంతకు రెండు శతాబ్దుల పూర్వమే నరసాపురపు రేవు ఓడపనికి ప్రసిద్ధి కెక్కియుండెను.

ఇక నష్టముల మాట. ఆ కాలమున సముద్రయానము ఎంతటి ప్రాణాంతకమో తెలియుటకు కొన్ని ఉదాహరణములు చాలును. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లిన్వా మూడు యుద్ధనౌకలతో విశాఖపట్టణపు రేవుమీద పడెను. అప్పుడు బార్నబీ అను కుంఫిణీ యోడ ఒడ్డున కెక్కి ముక్కలయ్యెను, ప్రిన్సెస్ షార్లెట్ అనునది శత్రువు వశమయ్యెను. 1807 జనవరిలో, నీటిలోనికి దిగి నలువదియైదేండ్లు గడచిన బ్లెన్‌హీము నౌక, అడుగు కారుచున్నదని దాని కప్తానే మొరపెట్టుకొన్నను, నెల్సను సహచరుడైన ట్రౌబ్రిడ్జి ఆజ్ఞపై చెన్నపట్టణమునుండి బయలుదేరి, మడగాస్కరు ప్రాంతమున ఆయనతోను వందలాది నావికులతోను అదృశ్యమయ్యెను. తోడుగా వెడలిన జావా నౌక జాడయు తెలియలేదు. 1808 తుదిభాగమున గ్లోరీ, లార్డ్ నెల్సన్, ఎక్స్‌పెరిమెంట్ అను మూడును, 1809 మార్చిలో కలకత్తా, బెంగాల్, లేడీ జేన్ డండాస్, జేన్ డచెస్ ఆఫ్ గోర్డన్ అను నాలుగును, వెరసి ఏడు కుంఫిణీ యోడలు స్వదేశమునకు పోవుచు హిందూమహాసముద్రమున గల్లంతయ్యెను. ఇవి సూరేకారముతోను బట్టలతోను కిక్కిరిసిన ఓడలు. అధికభారమే వానిని ముంచెనని కొందరును, తుపానే యని కొందరును అనిరి. రెండును కలిసినప్పుడు ఓడ నిలువదు. మన సాలెల చేతి వస్త్రములు ఎన్ని బేళ్లు ఆ జలగర్భమున నున్నవో!

చెన్నపట్టణమున నాడు రేవు అనదగినదే లేదు. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలిచెడివి. మనుష్యులును సరకులును మసులా పడవలమీదనే ఒడ్డున కెక్కవలెను. మసులా పడవలో చీల యనునది లేదు. పలకల అంచులకు బెజ్జములు వేసి, సందులలో పీచు దూర్చి, కొబ్బరిత్రాటితో కుట్టుదురు. కెరటము మోదినప్పుడు చీలలు కొట్టిన పడవ విరుగునే కాని, ఈ కుట్టుపడవ ఒడలు వంచి కెరటమును దాటనిచ్చి మరల సాగిపోవును. దొరల పడవలు చేయలేని పనిని దశాబ్దుల తరబడి ఇది చేసెను. 1811 మే నెల రెండవ తేదీన వచ్చిన తుపానులో డోవరు, చిచెస్టరు అను రెండు రాజనౌకలును, వానితోపాటు అనేక దేశవాళీ నావలును ఆ తీరముననే బ్రద్దలయ్యెను. రాజనౌకల పేర్లు మనకు దొరకినవి. దేశవాళీ నావలు అనేకములు అన్నమాట తప్ప మరేమియు దొరకలేదు. ఈ వ్యత్యాసమును సభవారు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను, ఏలయన కోరంగి కథయంతయు ఇదియే.

కోరంగి పలుమార్లు మునిగినది. 1787 మే నెలలో వచ్చిన గాలివాన ఇంజరపు కొఠీవరకు సముద్రమును తెచ్చెను. రెండేండ్లు తిరిగిన పిదప, 1789 డిసెంబరులో, పోటు సమయమున గాలి ఉద్ధృతమై యుండగా, వరుసగా మూడు మహాతరంగములు వచ్చెనని చూచినవారు చెప్పిరి. మొదటిది ఊరిలోనికి కొన్ని అడుగుల నీటిని తెచ్చెను. రెండవది చుట్టుపట్ల పల్లపుభూములన్నిటిని కప్పెను. మూడవది అన్నిటిని తుడిచివైచెను. యానాము మొగలో లంగరు వేసియున్న ఓడలు పొలములలోనికి కొట్టుకొనిపోయెను. జనములో ఇరువదివేలమంది నశించిరని వ్రాతలు కలవు. మొదటి తరంగమునకును మూడవదానికిని నడుమ ఎంత వ్యవధి యున్నదో ఎవరును వ్రాయలేదు. ఆ వ్యవధిలో ఒక తల్లి ఏ బిడ్డను ముందుగా ఎత్తుకొన్నదో, ఒక కళాసి ఓడనే నమ్ముకొనెనో ఒడ్డునకు దూకెనో, ఊహించుకొనుట తప్ప మనకు వేరు గతి లేదు.

ఇంతటి వినాశము జరిగినను ఆ ఊరివారు ఊరు విడువలేదు. ఇది నన్ను మిక్కిలి కదలించు విషయము. రోబక్కు డాకు త్రవ్వించిన 1802 నాటికి ఆ ప్రళయము గడచి పదమూడేండ్లైనను నిండలేదు. కట్టిన వడ్రంగులును, త్రవ్విన కూలీలును, దానిని కన్నులార చూచి బ్రతికినవారో, తల్లిదండ్రులను అందులో కోల్పోయినవారో అయియుందురు. వారు మరల ఓడలు కట్టిరి. అడవినుండి దుంగలు మరల దిగెను. ముప్పదియేడేండ్లు ఆ రేవు మరల బ్రతికెను.

1839 నవంబరులో సముద్రము మరల వచ్చెను. ఈ మారు ఊరు తేరుకొనలేదు. ఈ తుపానును గూర్చి నేటికిని ప్రపంచమందలి ప్రమాదముల పట్టికలలో ఒక వాక్యము కనబడును: నలువది అడుగుల యెత్తున ఉప్పెన వచ్చెననియు, ఇరువదివేల నావలు నాశనమయ్యెననియు, మూడులక్షలమంది మడిసిరనియు. మన పాఠ్యగ్రంథములును పత్రికలును దీనినే తిరిగి తిరిగి ముద్రించుచున్నవి. దీనిని నేను నమ్మజాలను. ఆ అపనమ్మకమునకు కారణములు చెప్పుట ఈ యుపన్యాసమునకు ముఖ్యప్రయోజనమని భావించుచున్నాను.

1737 అక్టోబరులో కలకత్తాపై ఒక తుపాను వచ్చెను. మరుసటి యేట లండనునందు వెలువడు జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అను పత్రిక దానిని వర్ణించుచు, ఇరువదివేల ఓడలును పడవలును మునిగెననియు, మూడులక్షలమంది మరణించిరనియు ప్రకటించెను. కోరంగికి చెప్పబడు సంఖ్యలు రెండును అక్షరాల ఇవియే! నూటరెండేండ్ల యెడముగల రెండు తుపానులు, వేర్వేరు నదీముఖములయందు, సరిగ్గా అన్నే నావలను, అంతే జనమును మ్రింగుట ప్రకృతిలో జరుగదు. పట్టికలు వ్రాయువారి కలములలో జరుగును. పోనీ కలకత్తా సంఖ్యయైనను నిజమా యనిన, కుంఫిణీవారి నాటి కాగితములలోని లెక్క మూడువేల ప్రాంతముననే యున్నది.

రెండవ కారణము మన జిల్లా లెక్కలలోనే యున్నది. అప్పటి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308. 1841లో, అనగా తుపాను గడచిన రెండేండ్లకు, 5,61,041. ఇరువదియేండ్లలో తగ్గినది మొత్తము 1,77,267. ఈ తగ్గుదలలో 1833 ప్రాంతపు ఘోరక్షామమున కడుపు మాడి చచ్చినవారును, పొట్ట చేతబట్టుకొని దేశాంతరము పోయినవారును, విషజ్వరములకు బలియైనవారును కలరు. ఆ జిల్లా దీనావస్థను విచారించి 1844లో నివేదిక సమర్పించిన హెన్రీ మంట్‌గమరీ యెదుటనుండినవి ఈ యంకెలే. ఇరువదియేండ్ల సకలానర్థములకును కలిపి రెండులక్షలకు లోబడిన నష్టము చూపు జిల్లాలో, ఒక్క రాత్రి, ఒక్క రేవుప్రాంతమున మూడులక్షలు నశించుట ఎట్లు పొసగును? ఇరువదివేల నావలు గౌతమీ ముఖమున ఒక్కమారు నిలుచుటకు చోటెక్కడిది?

ఈ లెక్కను సవరించుట మృతుల దుఃఖమును తగ్గించుట యని ఎవరైనను తలంతురేమో. నా యభిప్రాయము దానికి విరుద్ధము. మూడులక్షలను అంకె ఎవరినైనను విస్మయపరచునే కాని, ఎవరిచేతను ఒక్కనినైనను వెదకింపదు. నిజముగా మరణించినవారు వేలసంఖ్యవారు. వారికి ఇంటిపేర్లుండెను, వారి గ్రామములు నేటికిని తాళ్లరేవు పరిసరములనున్నవి. అతిశయోక్తిచేత వారు రెండవమారు మునిగిరి. ఓడల విషయమును ఇంతే. లాయిడ్స్ లిస్ట్ అను లండను పత్రిక భీమా చేయబడిన ఓడల పేర్లను కప్తానుల పేర్లను అచ్చువేసెను. కోరంగి ధోనీకి భీమా లేదు కావున పేరును లేదు.

ఆ తుపాను వ్యర్థముగా పోలేదని చెప్పదగిన విషయమొకటి కలదు. హెన్రీ పిడింగ్టను అను ఆంగ్లేయుడు నౌకాధిపతిగా సముద్రముల తిరిగి, పిదప కలకత్తాలో స్థిరపడి, 1839 మొదలుకొని బంగాళాఖాతపు తుపానులను ఒక్కొక్కదానినే శోధింప మొదలిడెను. ఆయన వ్యాసములలో రెండవదానికి మూలము ఆ నవంబరు నాటి కోరంగి తుపానే. తుపానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్యాపుస్తకములు తెప్పించుకొని, ఏ గడియకు గాలి ఏ దిక్కునుండి వీచినదో పటముమీద గుర్తించి చూడగా, గాలి తిన్నగా పోక ఒక కేంద్రమును చుట్టి సుడి తిరుగుచున్నదను సిద్ధాంతము దృఢపడెను. సైక్లోను అను పేరును ఈ గాలులకు పెట్టినవాడు ఆయనయే.

1848లో ఆయన నావికులకై ప్రకటించిన గ్రంథముతో రెండు పారదర్శకమైన కొమ్మురేకులను జతచేసెను. పలుచగా చెక్కి నునుపు చేసిన ఆ రేకుపై వలయములును, వలయములవెంబడి గాలిదిక్కును తెలుపు బాణములును గీయబడియుండును. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరమున, ఒకటి దక్షిణమున వాడవలెను. కప్తాను తన యోడ యున్న చోట పటముపై ఆ రేకు నుంచి, తనకు వీచుచున్న గాలికి సరియైన బాణము ఓడమీదికి వచ్చునట్లు జరిపినయెడల, వలయముల నడిమి చుక్క తుపాను కేంద్రమును చూపును. మన సముద్రములో గాలికి ఎదురుగా నిలిచినవానికి కేంద్రము కుడిచేతివైపున ఉండును. చదువు వచ్చిన కప్తానునకు ఎట్టి యంత్రమును లేకయే ఈ మాత్రము తెలిసిన, పారిపోవలసిన దిక్కు తెలిసినట్లే. మన తీరమున మునిగినవారి యనుభవమునుండి పుట్టిన ఈ విద్య ప్రపంచమందలి నావికులకు ప్రాణరక్షకమయ్యెను. తుపాను ఉప్పెన సంగతియు పిడింగ్టను ఎఱుగును. 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి లేఖ వ్రాసి, మాతలా నదిపై క్రొత్త రేవు కట్టినచో ఉప్పెన దానిని ముంచునని హెచ్చరించెను. వారు వినక కట్టిరి. ఆయన గతించిన తొమ్మిదేండ్లకు, 1867లో, క్యానింగు అను పేరుతో కట్టిన ఆ రేవు తుపాను పాలయ్యెను. మచిలీబందరులో 1864 నవంబరు ఒకటవ తేదీ రాత్రి ముప్పదివేలమంది చనిపోవునాటికి ఈ విద్య పుస్తకములలో నుండెను. బందరు ప్రజకు ముందుగా కబురందించు వ్యవస్థ మాత్రము లేకపోయెను. కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు మరుసటి యేట మొదలయ్యెను. పాలకుల రాజధాని ముందు, మన తీరము వెనుక. ఇది క్షమింపరాని జాప్యమని నేను స్పష్టముగా చెప్పుచున్నాను.

1839 తరువాత కోరంగిని ఉప్పెన యొక్కటియే కాక గోదావరియు చంపెను. నది తెచ్చు మేట మొగను పూడ్చెను. సముద్రములో హోపు ద్వీపమను ఇసుకతిన్నె పొడవుగా పెరిగెను. వర్తకము కాకినాడకు తరలిపోయెను. ఆ పేరు మాత్రము దూరదేశములకు పోయినది. కోరింగ పాకెట్ అను ఓడ 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున పగడపు తిన్నెలపై విరిగిపోగా, అచ్చటి దీవులకు కోరింగ దీవులని పేరు వచ్చినది. అటులనే మన గోదావరి మొగలో 1867 జూన్ 19వ తేదీన అమెరికా యుద్ధనౌక సాక్రమెంటో ఇసుకలో దిగబడి నాశనమయ్యెను. ప్రాణనష్టము కలుగలేదు, కప్తాను కాలిన్సును సైనికన్యాయస్థానము విచారించి శిక్షించెను, ఆ తిన్నెకును, సమీపపు దీపస్తంభమునకును నేటికిని సాక్రమెంటో యనియే పేరు. ఒక్క మనుష్యుడును చావని ఓడ పేరు మన నదీముఖమున నిలిచినది. వేలమందితో పోయిన మన నావలలో ఒక్కదాని పేరును మన పటములలో లేదు.

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలలో కచ్చులూరువద్ద రాయల్ వశిష్ఠ అను విహారపు పడవ మునిగినప్పుడు, మృతుల పేర్లన్నియు పత్రికలలో వచ్చెను. ముప్పదియేడు దినములకు కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము మూడువందల అడుగుల లోతునుండి యని చెప్పబడిన ఆ పడవను పైకి లాగెను. నాటి తెప్పలవారు తప్పించుకొనుచు వచ్చిన సుడి అదియే. పేరు తెలిసిన మృతునికొరకు ప్రభుత్వమును, ప్రజయు ఎంత దూరము పోగలరో ఆ ముప్పదియేడు దినములు చూపినవి.

కావున సభవారికి నాదొక విన్నపము. దుంగలు దించిన వంశములవారు, పడవలు నడిపిన వంశములవారు ఈ భద్రాచలమునందును, కూనవరము, దుమ్ముగూడెము, చెర్ల ప్రాంతములయందును ఇంకను కలరు. వారి యిండ్లలో పాత పద్దుపుస్తకములు, సుంకపు రసీదులు, తాటియాకు కట్టలు ఉండవచ్చును. ఏమియు లేనిచోట, ఏటికి పోయి తిరిగిరాని పెద్దల పేర్లు తద్దినపు వరుసలోనైనను వినబడును. కళాశాల విద్యార్థులు వేసవి సెలవులలో ఇంటింటికిని పోయి వాటిని వ్రాసికొని రావలెను. కాగితములున్నవారు వాటిని చెదలకు వదలక, నకలు తీయుటకైనను గ్రంథాలయమునకు ఈయవలెను. ఆ పని చేయుటకు పూనుకొనువారు ఈ సభ ముగియగానే నన్ను కలిసికొనవలెనని కోరుచున్నాను.